గుల్లమోత

తాత చిట్లిన పింగాణీ గిన్నెలకు కుట్లు వేసేవాడు.
పని మొదలెట్టే ముందు గిన్నెను మూడు వేళ్ల మీద నిలబెట్టి
గోటితో ఒక్కటి కొట్టేవాడు.
ఖంగుమంటే పక్కన పెట్టేవాడు.
బొత్తుమంటే, "ఇదిగో, ఇక్కడ" అనేవాడు
కంటికి ఆనని గీత మీద బొటనవేలు ఆనించి.

నా చేతిలో ఉన్నది అరకిలో సుత్తి.
గిన్నె కొంచెం పెద్దది:
ఇరవై అంతస్తుల ఎత్తు,
ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పేరు అందదు.
పామీర్ కొండ పొట్టలో తొలిచిన గది,
అందులో ఆరు టర్బైన్లు.

బుధవారం తెల్లవారుజామున భూమి కదిలింది.
పైన ఊళ్లో మట్టిగోడలు కూలాయి,
తందూరులు నిలువునా చీలాయి,
ఖుదోయ్‌నజర్ గాడిద కట్టుగొయ్యతో సహా పరుగెత్తింది.
కింద రాత్రి షిఫ్టు వాళ్లకు మాత్రం
పియాలాల్లో టీ తొణికింది, అంతే.
దీపాలు ఊగి ఆగాయి.
"కొండ మమ్మల్ని కడుపులో పెట్టుకుని కాచింది" అన్నారు.
నేనూ ఆ మాట నమ్మాలనే చూశాను.

కానీ కుదుపు రాయిలో ఎలా నడుస్తుందో నాకు తెలుసు.
మంటలార్పే జనం బకెట్లు చేతులు మార్చినట్టు
రాయి పక్క రాయికి అందిస్తుంది,
ఎవరి దగ్గరా నిలవనీయదు.
వరస చివరి రాయికే
అవతల చేతులు లేవు.
అవతల ఉన్నది మేం తవ్విన ఖాళీ.
అందుకునే దిక్కులేక ఆ కుదుపు వెనుదిరిగి
వచ్చిన దారినే పోతూ
రాయిని రాయి నుంచి లాగుతుంది.
నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది రాయి.
లాగితే ఓర్చుకోదు.

పైకప్పు కమాను బాగుంది.
వంగినదానికి మొయ్యడం అలవాటు.
నిటారు గోడల దగ్గరే, నీటి సొరంగం వచ్చి గదిని కలిసే మూలలో,
ఖంగ్
ఖంగ్
ఖంగ్
బొత్తు.

కాంక్రీటు పూత మీద వెంట్రుకంత బీట.
రెండు మేకుల తలలు ఎగిరిపోయి నేల మీద దొరికాయి,
ఒకటి ఇంకా నా జేబులోనే ఉంది.
రాతిలోకి దింపిన కొలతతీగలు ఇలా చెప్పాయి:
గోడ ముఖం నాలుగు మిల్లీమీటర్లు గదిలోకి వచ్చింది,
రెండు మీటర్ల లోతున మూడు,
నాలుగు మీటర్ల లోతున ఒకటి,
ఎనిమిది దగ్గర కొండకు ఏ సంగతీ తెలియదు.

కొత్త గాయం కాదిది.
తవ్వేరోజుల్లో మందుగుండు వదిలిన నెర్రెలు
మీటరున్నర లోతులో ఊరికే పడుకుని ఉన్నాయి.
వాటిని ఎవరో భుజం తట్టి లేపారు.

"నాలుగు మిల్లీమీటర్లేనా, షమ్సియా?"
ఇంజనీరు ఫైజాలీ నవ్వాడు.
శుక్రవారం మిషన్లు తిప్పాలి, రాజధానిలో చలి.
సుత్తి అతని చేతికిచ్చాను.
ఒకసారి కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు.
మూడోసారి కొట్టలేదు.

పాత మేకుల పొడవు నాలుగు మీటర్లు.
వదులైన రాయి కూడా ఇప్పుడు నాలుగు మీటర్లు.
గుల్లను గుల్ల పట్టుకుంటే రెండూ కలిసే పడతాయి.
తొమ్మిది మీటర్లవి మూడు వందల నలభై అడిగాను.
అతను కాగితం మీద అరవై అని రాశాడు,
తలెత్తకుండా.

తాత అతికిన గిన్నెను వెంటనే ఇచ్చేవాడు కాదు.
నిండా నీళ్లు పోసి, కింద పాత వార్తాపత్రిక పరిచి
రాత్రంతా వదిలేసేవాడు.
పొద్దున కాగితం పొడిగా ఉంటేనే డబ్బులు.

ఇంత గిన్నె కింద కాగితం ఎక్కడని పరవను?
ఆ మూలలో, బీటకు సూటిగా కింద,
నా డ్యూటీ పుస్తకం తెరిచి పెట్టి మెట్లెక్కాను,
అడిగిన అంకె ఉన్న పేజీ పైకి వచ్చేలా.

పొద్దుటికి మూడు వందల నలభై
నీలిరంగు మరక.